ఆంగ్ల వచనంలో అలంకారాలు: ఒక ఆత్మవిమర్శ

కళాశాలలో ఇంగ్లీషు చెప్పేవాళ్లకు గాని, చదివేవాళ్లకు గాని ‘ఫిగర్స్ ఆఫ్ స్పీచ్’ అన్న మాట వినగానే ఒక పట్టిక గుర్తుకు వస్తుంది. సిమిలీ, మెటఫర్, హైపర్‌బొలీ, ఐరనీ, మెటానిమీ. ఒక్కొక్కదానికి ఒక నిర్వచనం, ఒక ఉదాహరణ. నిర్వచనానికి కొన్ని మార్కులు, ఉదాహరణకు కొన్ని మార్కులు. ఈ పట్టికను నేనూ బట్టీ పట్టాను. ఉద్యోగంలో చేరిన తరువాత ఏళ్ల తరబడి పిల్లలచేత బట్టీ పట్టించాను. కనుక ఈ వ్యాసంలో చెయ్యబోయే విమర్శ మొట్టమొదట నా మీదనే.

కొన్నేళ్ల కిందట అర్ధసంవత్సర పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. స్విఫ్టు రాసిన ‘ఎ మోడెస్ట్ ప్రపోజల్’లో ఐరనీని వివరించమని పది మార్కుల ప్రశ్న. ఒక పేపరులో ఐరనీకి నిర్వచనం వున్నది, అందులోని మూడు రకాలు వున్నాయి, చివర స్విఫ్టు గొప్ప వ్యంగ్యరచయిత అన్న తీర్మానం వున్నది. వచనం నుంచి ఒక్క విషయం కూడా లేదు. ఎనిమిది మార్కులు వేశాను. మరొక పేపరులో ఒక కుర్రవాడు తప్పుల ఇంగ్లీషులో రాసిన దాని సారాంశం ఇది: ఈ పెద్దమనిషి పేదవాళ్ల బిడ్డలను ఏడాది పెంచి కోసి తినమంటున్నాడు, లెక్కలు చూస్తే, పంట ఇంకా కల్లంలో వుండగానే వాటాలు కట్టే మా వూరి ఆసామి లెక్కల్లాగా వున్నాయి, ఇతను భూస్వామి అయి వుండాలి, ఇటువంటి దానిని మాకు పాఠంగా ఎందుకు పెట్టారో తెలియదు. నేను నవ్వుకుని రెండు మార్కులు వేశాను.

మరునాడు ఆ కుర్రవాడు నా గదికి వచ్చాడు. కౌలు రైతు కొడుకు. మార్కుల కోసం తగాదా పడడానికి రాలేదు.

“మాస్టారూ, ఆయన అన్నది నిజంగా అనలేదని ఎక్కడ రాసి వున్నదండీ?”

“అదే ఐరనీ అంటే. చెప్పేది ఒకటి, అర్థం మరొకటి.”

“అది నోట్సులో వున్నదండీ. పాఠంలో ఎక్కడున్నదండీ?”

మళ్లీ శ్రద్ధగా చదువుకొమ్మని చెప్పి పంపేశాను. అసలు సంగతి ఏమిటంటే నా దగ్గర సమాధానం లేదు. పాఠంలో ఎక్కడున్నదో నేను ఏనాడూ వెతకలేదు. నా గురువు చెప్పాడు, నేను చెప్పాను. అంతే. ఈ వ్యాసం ఆ కుర్రవాడికి ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

పాఠంలో వెతికే ముందు ఆ పాఠం ఎక్కడ పుట్టిందో చూడాలి. ఆ చిన్న పుస్తకం 1729లో డబ్లిన్‌లో రచయిత పేరు లేకుండా వెలువడింది. స్విఫ్టు 1713 నుంచి అక్కడి సెయింట్ పాట్రిక్ కెథీడ్రల్‌కు డీన్. ఐర్లండు భూమిలో అత్యధిక భాగం ఇంగ్లీషు సంతతి వారైన ప్రొటెస్టెంటు భూస్వాముల చేతిలో వుండేది. వారిలో చాలామంది ఇంగ్లండులో కాపురం వుండి కౌలు సొమ్ము అక్కడికే తెప్పించుకునేవారు. ఐరిష్ ఉన్నిబట్ట విదేశాలకు ఎగుమతి కాకుండా ఇంగ్లండు పార్లమెంటు 1699లోనే చట్టం చేసింది. దానికి తోడు 1729కి ముందు వరుసగా పంటలు పోయాయి. డబ్లిన్ వీధులు బిచ్చగాళ్లతో నిండిపోయాయి. ఐర్లండు దారిద్ర్యానికి తమ తమ మందులు చెబుతూ పుంఖానుపుంఖంగా కరపత్రాలు వెలువడుతున్న కాలం అది. స్విఫ్టు పుస్తకం ఆ వేషం వేసుకునే వచ్చింది. ఆ పేరే అటువంటి పేరు: పేదవారి బిడ్డలు దేశానికి భారం కాకుండా, ఉపయోగపడేటట్టు చెయ్యడానికి ఒక వినయపూర్వకమైన ప్రతిపాదన.

ప్రతిపాదించే వ్యక్తి కర్కశుడు కాడు. మర్యాదస్తుడు, దేశహితం కోరేవాడు, లెక్కలు బాగా వచ్చినవాడు. దేశజనాభా పదిహేను లక్షలు అంటాడు. అందులో పిల్లలు కనే జంటలు రెండు లక్షలు. బిడ్డలను పోషించుకోగలిగినవి ముప్పైవేలు తీసివేస్తాడు. గర్భస్రావాలకు, ఏడాదిలోపల చనిపోయే బిడ్డలకు మరొక యాభైవేలు తీసివేస్తాడు. మిగిలింది ఏటా 1,20,000 మంది పేదబిడ్డలు. ఇరవైవేలు సంతతికి అట్టేపెట్టి, లక్షమందిని ఏడాది నిండగానే ధనవంతుల భోజనానికి అమ్మవచ్చునంటాడు. బిడ్డను సాకడానికి తల్లికి ఏడాదికి రెండు షిల్లింగులు ఖర్చు. అమ్మితే పది షిల్లింగులు. లాభం ఎనిమిది. లెక్కలో తప్పు లేదు.

ఇప్పుడు కుర్రవాడి ప్రశ్న. ఇది నిజంగా అన్నది కాదని పాఠంలో ఎక్కడున్నది? నాకు నాలుగు చోట్ల కనబడింది.

మొదటిది మాటల ఎంపికలో. తల్లులను గురించి చెప్పేటప్పుడు ఆ పెద్దమనిషి ఇంగ్లీషులో పశువులకు వాడే మాట వాడతాడు. తెలుగువాడికి ఇది నిర్వచనం లేకుండానే అర్థం కావాలి. మనకు ఆడది కంటుంది, ఆవు ఈనుతుంది. ‘మా వూళ్లో ఈ ఏడు ఇరవైమంది ఆడవాళ్లు ఈనారు’ అని ఎవడైనా అంటే మనం అతని లెక్క సరిచూడం, అతని ముఖం వంక చూస్తాం. స్విఫ్టు మొదటి పేజీలలోనే ఆ ఒక్క మాట పెట్టి, అతని ముఖం వంక చూడమని మనకు చెబుతున్నాడు.

రెండవది భూస్వాముల ప్రస్తావనలో. ఈ మాంసం ఖరీదైనది కనుక భూస్వాములకే తగినది, తల్లిదండ్రులను వాళ్లు ఇదివరకే చాలావరకు మింగివేశారు కనుక బిడ్డల మీద మొదటి హక్కు వాళ్లదే అన్న అర్థం వచ్చే మాట ఒకటి మధ్యలో మెత్తగా జారవిడుస్తాడు. ఇక్కడ రెండు ‘తినడాలు’ పక్కపక్కన నిలుస్తాయి. ఒకటి అలంకారం, మరొకటి ప్రతిపాదన. కౌలు పెంచి కుటుంబాన్ని తినివేయడం అందరూ వాడే మాట, ఎవరూ వులిక్కిపడరు. ఆ అరిగిపోయిన మెటఫర్‌ను స్విఫ్టు అక్షరాలా నిజం చేసి పళ్లెంలో పెట్టాడు. పుస్తకం మొత్తానికి మూలసూత్రం ఇదే.

మూడవది చివరిభాగంలో. ఇతర మార్గాలను గురించి నాకు చెప్పవద్దు అంటూ ఆ పెద్దమనిషి ఒక జాబితా చదువుతాడు. దేశం విడిచి వుండే భూస్వాముల మీద పన్ను వెయ్యడం, స్వదేశంలో తయారైన వస్తువులనే వాడడం, కౌలుదార్లపట్ల భూస్వాములకు కాస్త దయ నేర్పడం, ఇటువంటివి. పుస్తకం మొత్తంలో బుద్ధి గల మాటలు ఇవే. అతను తోసిపుచ్చేవీ ఇవే. పైగా ఇవి స్విఫ్టు తన సొంత గొంతుతో లోగడ చెప్పిన మాటలు. ఐరిష్ సరుకులే వాడమని 1720లో కరపత్రం రాస్తే ప్రభుత్వం దానిని అచ్చువేసినవాడి మీద కేసు పెట్టింది. 1724లో వుడ్ నాణాలకు వ్యతిరేకంగా డ్రేపియర్ అన్న మారుపేరుతో లేఖలు రాస్తే, రచయితను పట్టి ఇచ్చినవారికి మూడువందల పౌండ్ల బహుమానం ప్రకటించింది. సూటిగా చెప్పి చూసినవాడు చెప్పీ చెప్పీ విసిగి ఈ ముసుగు వేసుకున్నాడు. ఆ జాబితా దగ్గర ముసుగు చిరిగి అసలు ముఖం కనబడుతుంది.

నాలుగవది ముగింపులో. ఇందులో తనకు స్వార్థం ఏమీ లేదంటాడు. ఎందుకంటే తన చివరి బిడ్డకు తొమ్మిదేళ్లు నిండాయి, భార్యకు కానుపుల వయసు దాటింది. అమ్ముకోవడానికి తన యింట ఏమీ లేదు! ప్రజాసేవకుడి నిస్వార్థానికి ఇంతకు మించిన ప్రమాణపత్రం ఏం కావాలి?

మన ఆలంకారికులు ఈ ప్రశ్నను ఎప్పుడో వేసుకున్నారు. లక్షణకు మొదటి షరతు ముఖ్యార్థబాధ అన్నారు. అంటే, మాటకు వున్న మామూలు అర్థం అక్కడ పొసగకపోవాలి. పొసగనప్పుడే మనస్సు రెండవ అర్థం కోసం బయలుదేరుతుంది. మెచ్చుకుంటున్నట్టు తిట్టడానికి వ్యాజస్తుతి అని పేరు కూడా పెట్టారు. నోట్సులో వున్న నిర్వచనం కంటే ఇది ఎంతో మెరుగు. ఎందుకంటే ఇది పాఠకుణ్ణి పాఠంలోకి పంపిస్తుంది: ముఖ్యార్థం ఎక్కడ అడ్డుపడుతున్నదో వెతకమంటుంది.

అయితే శాస్త్రం అడగని ప్రశ్న ఒకటి మిగిలి వున్నది. ముఖ్యార్థం ఎవరికి అడ్డుపడుతుంది? పేదవాణ్ణి తినడం అసంభవం అని నమ్మే చల్లని ఇంటిలో పెరిగినవాడికి మొదటి పేజీలోనే అడ్డుపడుతుంది. మా కుర్రవాడికి అడ్డుపడలేదు. గింజ ఇంటికి చేరకముందే లెక్కలో కరిగిపోవడం చూసినవాడు అతను. బిడ్డలను కూడా లెక్కగట్టే పెద్దమనుషులు వుంటారంటే అతనికి ఆశ్చర్యం కలగలేదు, అసహ్యం కలిగింది. మాట్లాడేవాడు వేరు, రాసినవాడు వేరు అన్న ఒక్క మెట్టు అతను ఎక్కలేదు. కాని బాణం ఎవరి మీద వేశారో సరిగ్గా చూశాడు: భూస్వామి, అతని లెక్క. ఎనిమిది మార్కుల పేపరులో భూస్వామి లేడు, లెక్క లేదు, ఆకలి లేదు. అతనిది సగం పొరపాటు. నాది పూర్తి పొరపాటు.

ఆ లెక్కల భాష స్విఫ్టు కల్పన కాదని కూడా మనం తెలుసుకోవాలి. విలియం పెట్టీ అనే వైద్యుడు క్రాంవెల్ సైన్యంతో ఐర్లండుకు వచ్చి, జప్తు చేసిన భూములను సర్వే చేసి, తాను కూడా పెద్ద ఎస్టేటు సంపాదించాడు. అతని ‘పొలిటికల్ అరిథ్మెటిక్’ అతను పోయిన తరువాత 1690లో అచ్చయింది. దేశాలనూ ప్రజలనూ సంఖ్యలతో, తూనికలతో, కొలతలతో చర్చించే పద్ధతికి అతను ఆద్యుడు. మనుషుల విలువను కూడా పౌండ్లలో కట్టినవాడు. మార్క్సు అతనిని రాజకీయార్థశాస్త్రానికి పితగా గౌరవించాడు, అది న్యాయమే. సంఖ్య శత్రువు కాదు. సంఖ్య లేకుండా దోపిడీని రుజువు చెయ్యలేము. కాని లెక్క కట్టేవాడు ఎవరు, లెక్కలో పడేవాడు ఎవరు అన్నది వేరే ప్రశ్న. స్విఫ్టు ఆ భాషను విరిచివెయ్యలేదు. ఒక్క అడుగు ముందుకు నడిపించి వదిలాడు.

ఆ భాష స్విఫ్టుతో ఆగిపోలేదు. రాయలసీమవారు తరతరాలు ధాత కరువు అని చెప్పుకున్న 1876–78 నాటి కరువులో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చాడు. 1874లో బీహారులో ధారాళంగా ఖర్చుపెట్టి ప్రాణాలు కాపాడినందుకు పైవారి చేత మొట్టికాయలు తిన్నవాడు అతను. ఈసారి పొదుపు పాటించాడు. సహాయపు పనులలో రోజంతా చాకిరీ చేసే మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా అని నిర్ణయించాడు. ఈ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఎదురుతిరిగాడు. ఒక పౌను చాలునా, చాలదా అన్న చర్చ మర్యాదైన ఇంగ్లీషులో, లెక్కలతో, పట్టికలతో సాగింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలో జనం చస్తూవుండగా సాగింది. స్విఫ్టు ముసుగుగా వేసుకున్న గొంతు ఇక్కడ ముసుగు లేకుండా మాట్లాడింది. స్విఫ్టును చదివినవాడు అటువంటి నివేదికను మునుపటిలాగా చదవలేడు. ఐరనీ పాఠానికి ప్రయోజనం ఇదే.

పాలకుల వచనానికీ అలంకారాలు వుంటాయి. వాటిని మన పట్టిక గుర్తించదు, అంతే. ‘చర్య తీసుకోబడినది’, ‘భూమి సేకరించబడినది’, ‘కాల్పులు జరిగినవి’ అనే వాక్యాలు చూడండి. చేసినవాడు వాక్యంలో లేడు. ఇంగ్లీషు వ్యాకరణంలో పాసివ్ వాయిస్ అనే అధ్యాయం చెప్పేటప్పుడు మనం వాక్యాలు మార్చడం నేర్పుతాము గాని, కర్త ఎక్కడ దాక్కున్నాడో వెతకడం నేర్పము. బీహారులోని మోతిహారీలో 1903లో పుట్టి, 1927 దాకా బర్మా పోలీసులో పనిచేసిన జార్జి ఆర్వెల్ 1946లో ‘పాలిటిక్స్ అండ్ ది ఇంగ్లిష్ లాంగ్వేజ్’ అనే వ్యాసంలో ఈ సంగతి చర్చించాడు. నిస్సహాయులైన పల్లెవాసుల మీద బాంబులు వేసి దానికి శాంతిస్థాపన వంటి పేరు పెట్టడాన్ని అతను ఎత్తిచూపాడు. ఆర్వెల్ రాజకీయాలతో మనలో చాలామందికి పేచీ వున్నది; నాకూ వున్నది. అతని మందులన్నీ నేను ఒప్పుకోను. పాసివ్‌ను నిందించిన ఆ వ్యాసంలోనే అతను దానిని ధారాళంగా వాడాడు. అయినా, సామ్రాజ్యానికి కొంతకాలం చెయ్యిగా పనిచేసినవాడు ఆ చెయ్యి ఏం రాస్తుందో చెబుతుంటే వినడం మంచిది. అతను మన పక్షం రచనల అరిగిపోయిన మాటలను కూడా వదిలిపెట్టలేదు. అది నొప్పి కలిగించినా మేలు చేసే మాట.

ఇంతవరకు వచ్చి, ‘అయితే వ్యంగ్యం పీడితుల ఆయుధం’ అని ఒక సూత్రం తీసి సంతోషపడితే మనం మళ్లీ పట్టిక దగ్గరికే పోతాము. 1599 ప్రాంతంలో షేక్స్పియర్ రాసిన ‘జూలియస్ సీజర్’ నాటకం చూడండి. సీజర్ శవం దగ్గర మాట్లాడడానికి ఆంటొనీకి బ్రూటస్ అనుమతి ఇస్తాడు. మమ్మల్ని నిందించకూడదు అని షరతు పెడతాడు. ఆంటొనీ నిందించడు. బ్రూటస్‌ను గౌరవనీయుడు అనే పొగుడుతాడు. మళ్లీ పొగుడుతాడు. ప్రతిసారి ఆ మాట పక్కన సీజర్ చేసిన ఒక మేలు పెడతాడు. మాట మారదు; పక్కనున్నది మారుతుంది; చివరికి ఆ మాటే తిట్టు అయి కూర్చుంటుంది. స్విఫ్టుకు లాగే ఇతనికీ నోటికి కట్టు వున్నది, కట్టును తప్పించుకునే నేర్పు వున్నది. మా తరగతులలో పాఠం ఇక్కడితో ఆగిపోతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు.

తరువాత ఏం జరిగిందో మనం చెప్పము. సీజర్ ప్రజలకు రాసి ఇచ్చిన వీలునామాను చూపించి ఆంటొనీ జనాన్ని రెచ్చగొట్టాడు. ఆ జనం వీధిలో సిన్నా అనే కవిని, కుట్రదారులలో ఒకడికి అదే పేరు వున్నందుకు పట్టి చంపుతారు. ఆ తరువాతి రంగంలో ఆంటొనీ తన మిత్రులతో కూర్చుని ఎవరెవరిని చంపాలో జాబితా వేస్తాడు. వీలునామాలో ప్రజలకు చెందవలసిన సొమ్ములో కోత ఎలా పెట్టాలో ఆలోచిస్తాడు. అలంకారం ఎంత పదునైనదో ఉపన్యాసంలో తెలుస్తుంది. అది ఎవరి పని చేసిందో తరువాతి రంగంలో తెలుస్తుంది. ఎన్నికల సభలలో చప్పట్లు కొట్టే మనకు ఈ రెండవ రంగం మరీ అవసరం.

స్విఫ్టును కూడా తరువాతి రంగం దాకా చదవాలి. అతను రైతు పక్షాన నిలిచిన విప్లవకారుడు కాడు. పాలకమతానికి చెందిన డీన్. ఆ మతం వెలుపలివారిని ఉద్యోగాలకు దూరంగా వుంచే చట్టాన్ని సమర్థించినవాడు. ఐరిష్ పేదలమీద అతనికి జాలితో పాటు విసుగు కూడా వున్నది, అది ఈ పుస్తకంలోనే వినబడుతుంది. అతన్ని మన సంఘంలో సభ్యుడుగా చేర్చుకోనక్కరలేదు. తన వర్గం భాషను తన వర్గం ముఖానికే అద్దంగా పట్టినవాడుగా గుర్తిస్తే చాలు.

అలంకారాలంటే పైమెరుగు అనుకునే మన మిత్రులు కొందరు వున్నారు. వస్తువు మంచిదయితే చాలునని వారి వాదన. వారికి ఒక చిన్న మాట చూపిస్తాను. ఇంగ్లండు మిల్లులలో పనివాళ్లను ‘చేతులు’ అనేవారు. నాలుగువందల చేతులు పనిలో వున్నాయి అంటే నాలుగువందలమంది మనుషులు. డికెన్స్ 1854లో ప్రెస్టన్ సమ్మె చూసి వచ్చి అదే ఏడు ప్రచురించిన ‘హార్డ్ టైమ్స్’లో ఈ మాటను పట్టుకున్నాడు. దేవుడు వీళ్లను ఒట్టి చేతులుగా, మహా అయితే చేతులూ పొట్టలుగా పుట్టించి వుంటే కొందరికి ఎంత బాగుండేదో అని ఎత్తిపొడిచాడు. అవయవంతో మనిషిని చెప్పడం పట్టికలో ఒక అంశం. మిల్లులో అది కూలి ఒప్పందం. కొన్నది చేతులను, తల, పొట్ట, బిడ్డలు ఆ బేరంలో లేవు. మన వూళ్లలో ‘ఆయనది పది నాగళ్ల సేద్యం’ అనేవారు. నాగళ్లు లెక్కకు వచ్చాయి, వాటి మేడి పట్టిన పాలేళ్లు లెక్కలో లేరు. మాటలో ఎవరు మాయమయ్యారో చూడడం వస్తువును చూడడమే. డికెన్స్‌కూ పరిమితి వున్నది. యజమాని మాటలను అంత నిశితంగా విన్నవాడు, కార్మికసంఘం ఉపన్యాసకుడు స్లాక్‌బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి ఒక గావుకేకల బొమ్మను నిలబెట్టి తృప్తిపడ్డాడు.

అదే నవల మొదట్లో ఒక తరగతి గది వున్నది. గుర్రాల మధ్య పుట్టి పెరిగిన సర్కసు పిల్ల సిస్సీని గుర్రం అంటే ఏమిటో నిర్వచించమంటారు. ఆమె చెప్పలేకపోతుంది. బిట్జర్ అనే కుర్రవాడు లేచి కాళ్లు, పళ్లు, గిట్టలతో సహా గడగడ అప్పచెబుతాడు. ఈ ఘట్టం నేను ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను, నవ్వించాను. నా బల్లమీద బిట్జర్‌కు ఎనిమిది, సిస్సీకి రెండు మార్కులు పడి వున్నాయని నాకు తట్టలేదు.

మనకు గురజాడ వున్నాడు. గిరీశం నోట వచ్చే ప్రతి మాటా గురజాడ మాట అనుకుని ‘కన్యాశుల్కం’ చదివే తెలుగువాడు వుండడు. మాట్లాడేవాడు వేరు, రాసినవాడు వేరు అన్న మెట్టు మన పిల్లలు గిరీశం దగ్గరే ఎక్కి వున్నారు. ఆ రోజు నేను కుర్రవాణ్ణి కూర్చోబెట్టి, ఈ లెక్కల పెద్దమనిషి గిరీశం వంటివాడోయ్ అని ఒక్క మాట అని వుంటే సరిపోయేది. ఇంగ్లీషు పాఠంలో తెలుగు అనుభవం ప్రవేశించకూడదని నాకు ఎవరు నేర్పారో తెలియదు. బాగానే నేర్పారు.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. నిర్వచనాలు తీసివెయ్యనక్కరలేదు, పేరు తెలిస్తే పట్టుకోవడం తేలిక. కాని పేరుతో ఆగవద్దు. ఏ వచనమైనా తీసుకుని మూడు ప్రశ్నలు వెయ్యండి. ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు? మామూలు అర్థం ఏ మాట దగ్గర అడ్డుపడుతున్నది, ఎవరికి అడ్డుపడుతున్నది? ఈ వాక్యంలో వుండవలసినవాడు ఎవడు లేడు? స్విఫ్టుతో మొదలుపెట్టి ఆ వారం దినపత్రిక దాకా వెళ్లవచ్చు. విద్యార్థులకు చెప్పేది మరొకటి: నోట్సులో వున్నది పాఠంలో ఎక్కడున్నదో చూపమని మమ్మల్ని అడగండి. మేము చూపలేకపోతే అది మీ తప్పు కాదు.

ఆ కుర్రవాడు ఆ ఏడు ఎలాగో గట్టెక్కాడు. తరువాత ఇంగ్లీషు తీసుకోలేదు. అందుకు నేను కారణం కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. ఈ విషయమై పాఠకులు, ముఖ్యంగా తరగతిలో వెనుకబెంచీలలో కూర్చునే పాఠకులు, తమ అనుభవాలు రాస్తే చర్చ ముందుకు సాగుతుంది.